అడిగి చెప్పించుకున్న చరిత్ర: పెన్న ముఖద్వారం నుంచి కొన్ని సంగతులు

లోకంలో ఏదో ఒకటి సాధించినవారిని ఎదుట కూర్చోబెట్టుకొని, వారి జీవితాన్ని వారి నోటనే చెప్పించుకోవడం మన పత్రికలకు కొత్త కాదు. ముఖాముఖి అన్నా, ఇష్టాగోష్ఠి అన్నా, పరిచయం అన్నా పని ఒక్కటే. చరిత్రకారులు మాత్రం ఈ సరుకును చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టారు. శాసనం అబద్ధమాడదు, మనిషి ఆడతాడు అని వారి నమ్మకం. (శాసనాన్ని చెక్కించినవాడూ మనిషే కదా అని ఎవరైనా అడిగితే వారికి కోపం వచ్చేది.) నెల్లూరు సీమ శాసనాలను బటర్వర్తు, వేణుగోపాలశెట్టి గార్లు సేకరించగా 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. రాళ్లమీద ఉన్నది దక్కింది. నాలుకలమీద ఉన్నదాని సంగతి ఏమిటన్నదే ఈ వ్యాసానికి విషయం.

పెన్నానది సముద్రంలో కలిసేచోట ఉత్తరపు ఒడ్డున, విడవలూరు వైపు, అలగానిపాడు అనే ఊరుంది. దక్షిణపు ఒడ్డున, ఇందుకూరుపేట వైపు, పల్లిపాడు ఉంది. రెండూ మాగాణి పల్లెలే. నెల్లూరు ఆనకట్ట 1855లోనూ, సంగం ఆనకట్ట 1886లోనూ పూర్తయిన తరువాత ఈ డెల్టా భూముల ముఖమే మారిపోయింది. నీరు వచ్చినచోట వరి, వరి ఉన్నచోట పెద్ద రైతు, పెద్ద రైతు ఉన్నచోట పాలేరు. ఈ రెండు పల్లెల నుంచి రెండు జీవితకథలు మనకు దక్కాయి. ఒకటి అడిగితే చెప్పినది. రెండవది ఎవరూ అడగకపోతే తానే రాసిపెట్టినది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేగాని వాటి విలువ బోధపడదు.

మొదటిది పుచ్చలపల్లి సుందరయ్య గారిది. ఆయన 1913 మే 1న అలగానిపాడులో భూమిగల కుటుంబంలో జన్మించారు. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని తెలిపే తోకను తానే తెంచుకొని సుందరయ్య అయ్యారు. పదిహేడేళ్ల వయసులో, 1930లో, మద్రాసులో చదువు విడిచి సత్యాగ్రహంలో దూకి జైలుకు వెళ్లారు. పిల్లవాడు కనుక బోర్‌స్టల్ పాఠశాలలో పెట్టారు. బయటికి వచ్చాక తన ఊరి వ్యవసాయ కూలీలను కూడగట్టారు. కూలీలను కూడగట్టడమంటే ఆ ఊళ్లో స్వంత బంధువుల పొలాలమీదికే పోవడమని వేరే చెప్పనక్కరలేదు. అమీర్ హైదర్ ఖాన్ ప్రభావంతో కమ్యూనిస్టు అయి, దక్షిణాదిలో పార్టీ నిర్మాణ బాధ్యత తలకెత్తుకున్నారు. కేరళలో కృష్ణపిళ్లె, నంబూద్రిపాదు వంటివారిని ఆ పార్టీవైపు తెచ్చినవారిలో ఆయన ఒకరు. 1943లో లీల గారిని వివాహమాడారు. పిల్లలు వద్దని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. తెలంగాణ సాయుధపోరాటానికి నాయకత్వం, ఏళ్ల తరబడి అజ్ఞాతవాసం, 1952లో రాజ్యసభ, తరువాత గన్నవరం నుంచి శాసనసభ, 1964లో చీలిన పార్టీకి ప్రధాన కార్యదర్శిత్వం, ఇవన్నీ అందరికీ తెలిసిన ఘట్టాలు. పార్లమెంటుకు సైకిలుమీద వెళ్లిన సభ్యుడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు.

ఈ సుందరయ్య గారిని 1970లలో ఢిల్లీలోని నెహ్రూ స్మారక మ్యూజియం, గ్రంథాలయం వారు అడిగారు. అడిగినవారు హరిదేవ్ శర్మ గారు. ఆ సంస్థ 1964లో తీన్‌మూర్తి భవనంలో ఏర్పడింది (2023లో దానికి ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయం అని పేరు మార్చారు). జాతీయోద్యమంలో పాల్గొన్నవారు ఒక్కొక్కరే రాలిపోతున్నారన్న ఆదుర్దాతో, టేపు రికార్డరు పట్టుకొని వారి జ్ఞాపకాలను సేకరించే కార్యక్రమాన్ని అక్కడ చేపట్టారు. ఈ పద్ధతికి మూలపురుషుడు అమెరికాలో ఏలన్ నెవిన్స్. ఆయన 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో దీనికొక కార్యాలయమే పెట్టారు. నెవిన్స్ బాధ కూడా ఇదే. పూర్వం పెద్దమనుషులు ఉత్తరాలు రాసుకునేవారు, ఇప్పుడు టెలిఫోనులో మాట్లాడి పెట్టేస్తున్నారు, రేపు చరిత్రకారుడికి కాగితం మిగలదు అని. కాగితం మిగలని జీవితం మన అజ్ఞాతవాసులది. పోలీసులకు దొరకకూడదని ఉత్తరం చదివి చింపేసినవారి చరిత్రను అడగక మరి ఎలా తెలుసుకుంటాము? సుందరయ్య వంటివారి విషయంలో ముఖాముఖి ఒక్కోచోట ఏకైక సాక్ష్యం అవుతుందంటే అతిశయోక్తి కాదు.

అయితే ప్రశ్న ఎటు నడిస్తే జవాబు అటే నడుస్తుంది. జాతీయోద్యమ చరిత్రకోసం అడిగేవారికి పార్టీ, తీర్మానం, చీలిక, అరెస్టు ముఖ్యం. పైగా సంభాషణ ఇంగ్లీషులో సాగింది. ఇంటి స్థలాన్ని అంకణాల్లోనూ, ధాన్యాన్ని పుట్లలోనూ కొలిచే సీమలో పుట్టిన మనిషిని ఆ సీమ మాటల్లో అడిగి ఉంటే మరికొన్ని తలుపులు తెరుచుకునేవని నా నమ్మకం. పాలేరుకు ఏడాదికి ఎంత గింజ కొలిచేవారు, పండుగకు ఏమిచ్చేవారు, అప్పు తీరకపోతే కొడుకు కూడా అదే ఇంట పనికి చేరేవాడా, ఇటువంటి ప్రశ్నలు ఆ ఊరి పిల్లవాడు అడగవలసినవి. అదృష్టవశాత్తు ఆయన జీవితకథ తెలుగులో కూడా, ‘విప్లవపథంలో నా పయనం’ అన్న పేరుతో వెలువడింది. చదవనివారు వెతికి చదవండి. పార్టీతో మీకు పేచీ ఉన్నా సరే.

ఇక్కడ మరొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అడిగే నాటికి చెప్పేవాడు మారిపోయి ఉంటాడు. 1930ల నాటి కుర్రవాడి గురించి 1970లలో చెబుతున్నది దేశమంతటా పేరుపడ్డ నాయకుడు. నలభైయేళ్ల నడుమ జరిగినదంతా ఆ చెప్పడంలో కలుస్తుంది. తరువాత తప్పని తేలిన నిర్ణయాన్ని అప్పుడే సందేహించామని చెప్పాలనిపిస్తుంది. ఇది అబద్ధం కాదు, మనుష్య స్వభావం. సుందరయ్య గారు తెలంగాణ పోరాటంమీద 1972లో పెద్ద గ్రంథమే రాసి, దాని పేరులోనే ‘గుణపాఠాలు’ అన్న మాటను చేర్చారు. ఆ పుస్తకాన్నీ, ఆ సంభాషణనూ ఎదురెదురుగా పెట్టుకొని చదవడమే చరిత్ర విద్యార్థి చేయవలసిన పని.

ఇక దక్షిణపు ఒడ్డుకు వద్దాం. పొణకా కనకమ్మ గారు 1892లో మినగల్లులో పుట్టారు. తొమ్మిదేళ్లు నిండీ నిండకముందే పెళ్లయి పొట్లపూడి కోడలైనారు. బడి చదువు లేదు. అత్తవారింట గోడల మధ్య తనకు తానే తెలుగు, సంస్కృతం, హిందీ నేర్చుకున్నారు. ఆమె సమకూర్చిన భూమిలోనే పల్లిపాడు వద్ద పినాకినీ సత్యాగ్రహాశ్రమం వెలిసింది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య గార్లు దాని నిర్మాతలు. 1921 ఏప్రిల్ 7న గాంధీ మహాత్ముడు స్వయంగా వచ్చి ప్రారంభించారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లలకోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లారు. కవిత్వం చెప్పారు. ఉన్న ఒక్కగానొక్క కూతురిని పోగొట్టుకున్నారు. ఆస్తి కరిగిపోయింది. 1963లో మరణించారు.

ఇంతటి మనిషి ఎదుట టేపు రికార్డరు పెట్టినవారు లేరు. ఢిల్లీలో ఆ కార్యక్రమం సాగేనాటికి ఆమె లేరు, నిజమే. కాని నెల్లూరులో మనుషులున్నారు, పత్రికలున్నాయి, కాగితం కలం ఉన్నాయి. ఆమె కథను ఆమే రాసుకోవలసి వచ్చింది. ఆ రాతప్రతి ‘కనకపుష్యరాగం’ అన్న పేరుతో అచ్చయింది 2011లో, కాళిదాసు పురుషోత్తం గారి సంపాదకత్వంలో. అంటే ఆమె పోయిన నలభైయెనిమిదేళ్లకు.

ఈ రెండు కథలకూ ఉన్న తేడా నన్ను చాలాకాలంగా తొలుస్తున్నది. అడిగినప్పుడు చెప్పినదానిలో ఎదుటివాడికి తెలియాలన్న తాపత్రయం ఉంటుంది. తేదీలు, పేర్లు, వరుస ఉంటాయి. తప్పిపోతే అడిగేవాడు మళ్లీ దారిలో పెడతాడు. తానే రాసుకున్నదానిలో వరుస తప్పవచ్చు. కాని ఎవరూ అడగని సంగతులు అందులో ఉంటాయి. ఇంట్లో మాట పడినది, పిల్ల పోయినప్పటి దుఃఖం, దానం చేసిన తరువాత చేయి ఖాళీ అయినప్పుడు చుట్టాల చూపులు, ఇవన్నీ ముఖాముఖి చేసే పెద్దమనిషి మర్యాదకొద్దీ అడగడు. ఆడవారిని ఆశ్రమానికి భూమి ఎంత ఇచ్చారని అడుగుతారు. ఆ భూమి ఇవ్వడానికి ఇంట్లో ఎవరితో ఎంత పోరాడారని అడగరు.

ఇదే ప్రశ్నను వేరేచోట, వేరే విధంగా అడిగి చూపినవారు హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన వారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి పట్టుకొని, వారితో గంటలకొద్దీ మాట్లాడి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వెలువరించారు. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కొండపల్లి కోటేశ్వరమ్మ వంటివారి గొంతులు అందులో ఉన్నాయి. సుందరయ్య గారు గ్రంథంలో చెప్పిన పోరాటమే అది. కాని చంటిబిడ్డను ఎవరి చేతిలోనో పెట్టి దళంలోకి పోయిన తల్లి చెబుతుంటే అది వేరే పోరాటంలా వినబడుతుంది. పోరాటం ముగిశాక ఇక ఇళ్లకు పోయి సంసారాలు చేసుకోండి అన్నప్పుడు ఆ స్త్రీలకు కలిగిన దిగ్భ్రమ ఏ తీర్మానంలోనూ ఎక్కలేదు. ఆ పుస్తకం చేసిన మేలు ఇంతా అంతా కాదు. నా దృష్టిలో తెలుగులో సంభాషణను చరిత్రగా మార్చిన పుస్తకాల్లో దానికి సాటి ఇప్పటికీ లేదు.

వెనక్కి వెళితే ఈ సీమలో అడగడం అనే పని రెండు వందల ఏళ్ల కిందటే మొదలైంది. కర్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, ఆయన సోదరులు, వారి కింద పనిచేసినవారు ఊరూరా తిరిగి కైఫియత్తులు రాయించారు. నెల్లూరు సీమ పల్లెలవీ అందులో ఉన్నాయి. బొర్రయ్య 1803లోనూ, మెకంజీ 1821లోనూ పోయారు గాని కాగితాలు మిగిలాయి. కైఫియత్తు అంటే ఒక విధంగా ఊరితో చేసిన ముఖాముఖి. కాని ఊరి తరఫున మాట్లాడినది ఎవరు? సాధారణంగా కరణం, లేదా గుడి పూజారి. కాబట్టి గుడి ఎప్పుడు కట్టారో, మాన్యం ఎవరిచ్చారో, చెరువు ఎవరు తవ్వించారో ఉంటుంది. ఆ చెరువు మట్టి మోసినవారి మాట ఉండదు.

వెన్నెలకంటి సుబ్బారావు గారిది ఇంకొక దారి. 1784లో పుట్టిన ఒంగోలు సీమవాడు. (ఒంగోలు ఆ శతాబ్దంలో చాలాకాలం నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరుకు పోయింది.) కుంపిణీ కచేరీల్లో చిన్న కొలువులతో మొదలుపెట్టి, 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదరు అదాలతులో దుబాసీగా, అనువాదకుడిగా పనిచేశారు. తన ఉద్యోగ జీవితాన్ని తానే ఇంగ్లీషులో రాసుకున్నారు. 1839లో పోయారు. కొడుకు దానిని అచ్చు వేయించినది 1873లో. మన ఆత్మకథల చరిత్రలో తొలినాళ్లదని దానికి పేరు. అక్కిరాజు రమాపతిరావు గారు తెలుగు చేశారు. చిత్రమేమిటంటే అదే 1873లో జిల్లా కలెక్టరుగా పనిచేసిన బాస్వెల్ దొర రాసిన నెల్లూరు జిల్లా మాన్యువలు కూడా అచ్చయింది. ఏలినవాడు జిల్లాను గురించి రాసినదీ, ఏలినవారి మాటను జీవితమంతా తర్జుమా చేసినవాడు తన్ను గురించి రాసుకున్నదీ ఒకే ఏడు బయటపడ్డాయి. దుబాసీ అనేవాడు రోజంతా ఇతరుల ప్రశ్నలను, ఇతరుల జవాబులను మోస్తాడు. ఆయన్ను ఎవరు అడుగుతారు? అందుకే రాసుకున్నాడు కాబోలు.

అదే ఇంటిపేరుగల మరొకాయన ఈ నేలమీద అందరికన్నా కష్టమైన సంభాషణ చేశారు. వెన్నెలకంటి రాఘవయ్య గారు. ఆయనను యానాది రాఘవయ్య అనే పిలిచేవారు. నెల్లూరు తీరమంతటా, పులికాటు సరస్సునుంచి పైదాకా, చెరువుల్లో చేపలు, పొలాల్లో ఎలుకలు, అడవిలో దుంపలు తేనె మూలికలతో బతికిన జాతి యానాదులది. వారిని తెల్లదొరల కాలంలో ఎందరో పరిశీలించారు. టి. రంగారావు గారు 1901లో మద్రాసు మ్యూజియం కోసం రాశారు. థర్‌స్టన్ 1909లో తన ఏడు సంపుటాల్లో చేర్చారు. థర్‌స్టన్ గారి పద్ధతి తలల చుట్టుకొలత, ముక్కు పొడవు తీసుకోవడం. మనిషి ఎదుట కూర్చొని ఉండగా అతని ముక్కును కొలిచి కథను వదిలేయడం అన్నమాట. మరోవైపు ఆ ప్రభుత్వమే యానాదుల్లో కొందరిని నేరస్థ జాతుల చట్టం కింద నమోదు చేసింది. పోలీసు ఎదుట హాజరు వేయించుకోవడమే వారికి తెలిసిన ముఖాముఖి.

రాఘవయ్య గారు వారితో కలిసి తిరిగారు, సంఘం పెట్టించారు, ఆ చట్టం పోవాలని పోరాడారు, 1962లో ‘ది యానాదీస్’ అనే గ్రంథం రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన పుస్తకంలో కూడా మాట్లాడేది చాలావరకు ఆయనే. ఆ కాలానికి అంతే సాధ్యం. అయినా కొలబద్ద కింద పెట్టి మాట అడిగినవాడు మాత్రం ఆయనే.

శ్రీహరికోట దగ్గర ఈ కథ మరీ పదునెక్కుతుంది. ఆ దీవి యానాదుల అడవి. 1969లో రాకెట్ కేంద్రానికి దానిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అడవిలోని యానాదులను బయటికి తరలించారు. (సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో చేరింది గాని, ఈ సంగతులు జరిగిననాడు అది నెల్లూరే.) ఆ తీరంలో పనిచేసిన శాస్త్రజ్ఞుల జీవితాలు ఎన్నెన్నో విధాలుగా మనకు చేరాయి. కలాం గారి ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ (1999) కూడా అరుణ్ తివారీతో సాగిన సంభాషణల ఫలమే. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం విఫలమైనప్పుడు సతీశ్ ధవన్ గారు విలేఖరుల ముందు నిందను తనమీద వేసుకొన్నారనీ, మరుసటి ఏడు జూలై 18న విజయం లభించినప్పుడు కలాం గారినే ముందుకు పంపారనీ కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. మంచి కథ. పదేపదే చెప్పిన కథ నదిలో గులకరాయిలా నునుపు తేలుతుంది. నేను దాన్ని శంకించడం లేదు. కాని అదే ఉదయం, ఆ పొగను సరస్సు అవతలి ఒడ్డునుంచి చూసిన యానాది ముసలివాడి మాట ఎక్కడ ఉంది? తన తాత తేనె తీసిన చెట్టు ఏ కంచె లోపల ఉందో అతనికి తెలుసు. ఆ దీవిలో ఏ మూలిక ఎక్కడ దొరికేదో తెలుసు. విద్య అంటే అదీ విద్యే కదా, సాధన అంటే అదీ సాధనే కదా.

ఇప్పుడు పని సులువైంది. ఢిల్లీనుంచి బరువైన టేపు యంత్రం రానక్కరలేదు, జేబులో ఉన్న ఫోను చాలు. యూనికోడులో తెలుగు రాయగలిగిన మిత్రులు ఎందరో ఉన్నారు. కష్టం అడగడంలోనే ఉంది. మన ముఖాముఖులు చాలావరకు ‘మీకు స్ఫూర్తి ఎవరు, యువతకు మీ సందేశమేమిటి’ దగ్గర ప్రారంభమై అక్కడే ముగుస్తాయి. వాటికి జవాబులు అచ్చయిన సన్మానపత్రంలోనే ఉంటాయి. కాలువ కింద ఎకరానికి ఎన్ని పుట్లు పండేది, మొదటి జీతం ఎంత, ఎవరి చేతికి ఇచ్చారు, ఆ ఊరి బావిలో ఎవరు నీళ్లు తోడుకునేవారు కాదు అని అడిగి చూడండి. పేరు, ఊరు, తేదీ, ఎవరెవరు గదిలో ఉన్నారు అన్నవి మొదటే రాసుకోండి. చెప్పినవారు పలికిన మాటను పుస్తక భాషలోకి దిద్దకండి. పెద్దాయన ‘ఎగువ’, ‘దిగువ’ అంటే ఆ మాటలనే ఉంచండి. రాసినది వారికి చదివి వినిపించి, వద్దన్నది తీసేయండి. తీసేశామని మాత్రం అక్కడ గుర్తు పెట్టండి.

అలగానిపాడులో, పల్లిపాడులో, సూళ్లూరుపేట చుట్టుపక్కల యానాది సంఘాల్లో ఎనభై దాటినవారు ఇంకా ఉంటారు. నెల్లూరులో దిగి పెన్నకు ఇటో అటో గంట ప్రయాణం చేస్తే చాలు. వేసవిలో మధ్యాహ్నం వెళ్లకండి, పెద్దవాళ్లు పడుకునే వేళ. సాయంత్రం వాకిట్లో మంచం వేసుకున్నాక వెళ్లండి.